యోలాండ్ మోరో కామెడీ నుంచి ‘మారలేదు’: మీ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబు

అమ్మా,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పద్నాలుగేళ్ళుగా పరిషత్తు నాటకాల్లో వేస్తున్నారు. వచ్చేవన్నీ గయ్యాళి అత్త, పక్కింటి పిన్నిగారు, పనిమనిషి వేషాలే. ‘అమెలీ’ అనే ఫ్రెంచి సినిమాలో ఏడుస్తూ కనిపించే యోలాండ్ మోరోయే ‘సెరాఫీన్’లో పాచిపని చేసే చిత్రకారిణిగా వేసిందని తెలిసి ఆశ్చర్యపోయారు. ఒక కమెడియన్ అంత బరువైన పాత్రకు ఎలా మారింది, ఆ అవకాశం ఎవరిచ్చారు, అందులోంచి నేను తీసుకోగలిగినది ఏమైనా ఉందా, ఏ సినిమాతో మొదలుపెట్టాలి... ఇవీ మీరడిగినవి.

నేనేమీ ఫ్రెంచి సినిమా పండితుణ్ణి కాదు. పాతికేళ్ళుగా నాటకాలు ఆడిస్తున్నాను, అప్పుడప్పుడూ వేస్తాను. మధ్యలో ఉద్యోగం మీద నాలుగేళ్ళు ఉత్తర ఫ్రాన్సులోని లిల్‌లో ఉన్నాను. అక్కణ్ణుంచి బెల్జియం సరిహద్దు మన బస్సు ప్రయాణం లెక్కన పక్క స్టేజీ. అక్కడ ఆవిణ్ణి ‘మన యోలాండ్’ అన్నట్టుగా మాట్లాడుకుంటారు. అలా మొదలైంది నా పిచ్చి.

ముందు ఒక మాట సర్దుకుందాం. ఆవిడ గురించి ఎక్కడ చదివినా ‘కొమెదియెన్’ అని ఉంటుంది. మనం దాన్ని ‘కమెడియన్’ అని చదివేసుకుంటాం. ఫ్రెంచిలో ఆ మాటకు నటి అని మాత్రమే అర్థం, అందులోనూ స్టేజీ వాసన ఉన్న నటి అని. విషాద నాటకం వేసినా కొమెదియెనే. నవ్వించడం వృత్తిగా ఉన్నవాళ్ళను ‘హ్యూమొరిస్త్’ అంటారు. ఇదేదో డిక్షనరీ గొడవ అనుకోకండి. మన దగ్గర ‘కామెడీ ఆర్టిస్టు’ అని రిజిస్టర్లో రాసేశాక ఆ మనిషికి వేరే కాలమ్ ఉండదు. అక్కడ ఆ రెండింటికీ మధ్య గోడ ఉంది కానీ తలుపు మాత్రం ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వలెరీ లమెర్సియే స్టేజీ మీద ఒంటరిగా నవ్వించి పేరు తెచ్చుకుని, 2022లో ఉత్తమ నటిగా సెజార్ తీసుకుంది. సెజార్ అంటే ఫ్రెంచి సినిమాకు మన జాతీయ అవార్డు లాంటిది. బెల్జియం టీవీలో యాంకర్‌గా మొదలైన వర్జినీ ఎఫిరా చాలాకాలం తేలికపాటి ప్రేమకథల కామెడీలు చేసి, 2023లో అదే అవార్డు అందుకుంది.

యోలాండ్ మోరో 1953 ఫిబ్రవరి 27న బ్రస్సెల్స్‌లో పుట్టింది. నాన్న ఫ్రెంచి మాట్లాడే వలూన్ మనిషి, అమ్మ డచ్చి మాట్లాడే ఫ్లెమిష్ మనిషి. బెల్జియంలో ఈ రెండు జాతుల మధ్య భాష గొడవ ఎంతదంటే, దాని మీద ప్రభుత్వాలు పడిపోయిన సందర్భాలున్నాయి. ఆవిడ ఇంట్లో మాత్రం రెండూ ఒకే కంచంలో తిన్నాయి. ఇంకో సంగతి. ఫ్రాన్సులో బెల్జియం యాస అంటేనే జోకు. బెల్జియన్ల మీద ఉన్న జోకులు పుస్తకాలకు పుస్తకాలు. పారిస్‌లో పైకి రావాలనుకునే బెల్జియం నటులు చాలామంది ముందు యాస కడుక్కుంటారు, మన ఉత్తరాంధ్ర పిల్లలో తెలంగాణ పిల్లలో ఒకప్పుడు సినిమాకు వెళ్ళేముందు చేసినట్టే. ఆవిడ కడుక్కోలేదు. దాన్నే పెట్టుబడిగా పెట్టింది.

మొదట్లో చిన్నపిల్లల నాటకాలు వేసేది. పిల్లల ముందు నటించడం ఎంత కష్టమో మీకు తెలిసే ఉంటుంది. పెద్దవాళ్ళు మర్యాదకు కూర్చుంటారు, పిల్లలకు బోరు కొడితే లేచి పోతారు. ఆ తర్వాత 1982లో, 29 ఏళ్ళ వయసులో, తనే రాసుకుని తనే ఒంటరిగా ఆడే ఒక షో తయారుచేసింది. పేరు ‘సాల్ ఆఫేర్’. పాడు వ్యవహారం అనుకోండి. ప్రియుణ్ణి అప్పుడే చంపేసిన ఒక ఆడమనిషి, ముఖానికి మాస్కుతో స్టేజీ మీదికి వచ్చి, ఏం జరిగిందో మనకు చెప్పుకుంటుంది. విషయం హత్య. కానీ హాలంతా నవ్వు. ఇది మన ఏకపాత్రాభినయానికి దగ్గరగా ఉండేదే, కాకపోతే మన దగ్గర ఆ ప్రక్రియ దుర్యోధనుడికీ అల్లూరి సీతారామరాజుకీ రాసిచ్చేశాం. ఒక సాదాసీదా ఆడమనిషి గంటసేపు ఒంటరిగా నిలబడి తన బతుకు చెప్పుకునే ఏకపాత్ర మీరెన్ని చూశారు? నేను చూసినవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

ఈ షోను గుర్తు పెట్టుకోండి. 22 ఏళ్ళ తర్వాత మళ్ళీ తిరిగి వస్తుంది.

మొదటగా ఆవిణ్ణి సినిమాలోకి తెచ్చింది దర్శకురాలు ఆన్యెస్ వార్దా. 1984లో ఒక చిన్న సినిమా, వెంటనే 1985లో ‘సాం త్వా నీ ల్వా’. పేరుకు అర్థం కప్పూ లేదు, కట్టుబాటూ లేదు అని. ఇల్లూ వాకిలీ లేకుండా తిరిగే మోనా అనే అమ్మాయి చలికి చచ్చిపోతుంది, ఆమెను దారిలో చూసినవాళ్ళంతా ఒక్కొక్కరూ ఏం చెప్పారన్నది కథ. వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చిన సినిమా. అందులో మోరో ఒక ముసలావిడ ఇంట్లో పనిమనిషి. పాత్ర పేరు కూడా యోలాండే. ఈమెకో ప్రియుడున్నాడు, ఈమెను పట్టించుకోడు. ఓసారి ఖాళీ బంగళాలో మోనా, ఇంకో కుర్రాడు ఒకరినొకరు పట్టుకుని నిద్రపోవడం చూస్తుంది. అక్కడ ఆవిడ ముఖం చూడండి. అసూయ అనాలో, ఆకలి అనాలో తెలియదు. ప్రేమ అంటే ఇలా ఉంటుందన్నమాట అని ఒక మనిషి బయట నిలబడి చూస్తున్న చూపు అది. పనిమనిషి వేషం అమ్మా. మీకొచ్చే వేషమే.

1989లో జెరోమ్ దెషాం, మాషా మకెయెఫ్ నడిపే నాటక బృందంలో చేరింది. అక్కడి నుంచి కనాల్ ప్లస్ ఛానెల్లో 1993లో మొదలైన ‘లే దెషియెన్’ అనే చిన్న చిన్న స్కిట్లు ఆవిణ్ణి ఫ్రాన్సులో ఇంటింటికీ తీసుకెళ్ళాయి. అప్పటికి ఆవిడకు 40. ఆ స్కిట్లు ఎలా ఉంటాయో చెప్పాలి, ఎందుకంటే అసలు కిటుకంతా అక్కడే ఉంది. కెమెరా కదలదు. వెనక ఒక గోడ. సెట్టింగు లేదు, వెనక నవ్వుల టేపు లేదు. డెబ్భైల నాటి సింథటిక్ గుడ్డలు వేసుకున్న ఇద్దరో ముగ్గురో మనవైపు తిరిగి నిలబడతారు. ఏదో సంగతి చెబుతారు. అది పూర్తిగా అర్థంలేనిది. కానీ చెప్పేవాళ్ళకు అది ప్రాణప్రదం. ఫ్రాన్స్వా మోరెల్ అనే నటుడు ఇంటిపెద్దలా వాగుతూ ఉంటే, పక్కన మోరో చేతులు కట్టుకుని, కళ్ళు కొంచెం పక్కకు తిప్పి, ఏదో చెప్పబోయి ఆగుతుంది. ఆ ఆగడానికి నవ్వొస్తుంది.

ఇక్కడ మన టైమింగ్‌కీ ఆ టైమింగ్‌కీ ఒక తేడా ఉంది. మనం నవ్వు కోసం డైలాగును పరిగెత్తిస్తాం. పంచ్ పడగానే హాలు స్పందించేదాకా పోజు పెట్టి నిలబడతాం. ఆవిడ అసలు నవ్వు వైపే చూడదు. తను నవ్వొచ్చే మాట అన్నానని ఆ పాత్రకు తెలియదు. తెలిసిన మరుక్షణం ఆ పాత్ర చచ్చిపోతుంది. మెల్లగా ఉంటుంది. ఆ మెల్లదనం బద్ధకం కాదు, ఆ మనిషి ఆలోచన అంతే నిదానంగా కదులుతుందన్నమాట. మాట నోట్లోంచి రావడానికి ముందు ఎక్కడో లోపల తయారవుతున్నట్టు కనిపిస్తుంది.

ఆ స్కిట్ల మీద విమర్శ కూడా వచ్చింది. పల్లెటూరి వాళ్ళనూ, చదువులేని వాళ్ళనూ, పేదవాళ్ళనూ చూపించి పట్నం వాళ్ళను నవ్విస్తున్నారని. అది పూర్తిగా అబద్ధమని నేను అనలేను. కొన్ని స్కిట్లు చూస్తే నాకే ఇబ్బందిగా ఉంటుంది. కానీ మోరో ఉన్న స్కిట్లలో ఒకటి గమనించాను. ఆవిడ తన పాత్ర కంటే పైన నిలబడి ఎప్పుడూ ఆడదు. ‘చూడండి ఈ మనిషి ఎంత తింగరిదో’ అని మనకు కన్ను గీటదు. ఆ మనిషి పక్షాన నిలబడుతుంది. మనం నవ్వితే ఆ నవ్వు తాలూకు సిగ్గు మనదే.

ఈ సంగతి నాకు చాలా ఆలస్యంగా బుర్రకెక్కింది. ఓ పదిహేనేళ్ళ కిందట నేను ఆడించిన ఒక నాటికలో పనిమనిషి వేషం ఉండేది. ఆ అమ్మాయి రిహార్సల్స్‌లో మామూలుగా, నెమ్మదిగా చేస్తోంది. "అలా కాదమ్మా, గొంతు పెంచు, కొంగు దోపు, నడుం తిప్పు, లేకపోతే చివరి వరస దాకా అందదు" అని నేనే చెప్పాను. చెప్పినట్టే చేసింది. నవ్వులొచ్చాయి. కానీ మూడో సీన్లో యజమానురాలు ఆమెను దొంగ అంటుంది, అక్కడ జనం కళ్ళు చెమర్చాలి. అక్కడా నవ్వారు. ఆ సీన్ ప్రతి పోటీలోనూ అలాగే పోయింది. తప్పు ఆ అమ్మాయిది కాదు, రచయితదీ కాదు. మొదటి సీన్లోనే ఆ మనిషిని బొమ్మగా చేసి జనం చేతిలో పెట్టింది నేను. బొమ్మను దొంగ అంటే ఎవరు బాధపడతారు?

‘అమెలీ’లో ఆవిడకున్నవి కొన్ని నిమిషాలే. 2001 నాటి సినిమా, ఆవిడకు 48. పారిస్‌లో పాత బిల్డింగుల్లో కింద గదిలో ఉంటూ, ఉత్తరాలు పంచుతూ, మెట్లు తుడుస్తూ, వచ్చేపోయేవాళ్ళను కనిపెట్టుకుని ఉండే ఆడమనిషిని ‘కాన్సియెర్జ్’ అంటారు. మన వాచ్‌మన్ గారి భార్య అనుకోండి, కాకపోతే ఉద్యోగం ఈవిడదే. ఆ పాత్ర పేరు మడ్లెన్ వాలస్. ఫ్రెంచిలో వెక్కి వెక్కి ఏడిస్తే ‘మడ్లెన్ లాగా ఏడ్చింది’ అంటారు, బైబిల్లోని మగ్దలేన మరియ పేరు మీద. పారిస్ వీధుల్లో 1872 నుంచీ ఉన్న ఆకుపచ్చ మంచినీళ్ళ కుళాయిల పేరు వాలస్ ఫౌంటెన్లు. అంటే ముందు పేరూ కన్నీళ్ళే, వెనక పేరూ నీళ్ళే. నా నుదుట ఏడుపే రాసిపెట్టి ఉంది అన్న అర్థంలో ఆవిడే ఈ లెక్క అమెలీకి చెబుతుంది. సబ్‌టైటిల్స్‌లో ఈ చమత్కారం సగం పోతుంది కాబట్టి చెప్పాను. మొగుడు వేరే ఆవిడతో లేచిపోయి అక్కడే చచ్చిపోయాడు. గోడ మీద ఆయన ఫొటో. కింద ఆయన పెంచిన కుక్క, చచ్చాక గడ్డి కూరి నిలబెట్టింది, ఆ ఫొటో వైపే చూస్తూ ఉంటుంది. ఇంత వెటకారం సెట్టింగులో పెట్టాక నటి దాని మీద ఇంకాస్త వెటకారం వేస్తే సీన్ మట్టి కొట్టుకుపోయేది. ఆవిడ మాత్రం పాత ఉత్తరాలు తీసి అచ్చంగా, నిజంగా చదువుతుంది.

ఇక 2004. ‘కాం లా మెర్ మోంత్’, సముద్రం పోటెత్తినప్పుడు అని. ఉత్తర ఫ్రాన్సులో అందరికీ వచ్చిన ఓ పాట పేరు అది. కెమెరామన్ జిల్ పోర్త్‌తో కలిసి ఆవిడే రాసి, తీసి, నటించింది. కథ ఏమిటనుకున్నారు? ఇరెన్ అనే నటి ఉత్తర ఫ్రాన్సు ఊళ్ళు తిరుగుతూ ఒంటరి షో ఆడుతుంది. ఆ షో మరేదో కాదు, 1982 నాటి ‘సాల్ ఆఫేర్’. రోజూ ప్రేక్షకుల్లోంచి ఒకణ్ణి ఎంచుకుని, స్టేజీ మీద వాణ్ణి తన ప్రియుడిగా ‘పూసెం’ అని పిలుస్తుంది. కోడిపిల్లా అని ముద్దుగా. దారిలో పరిచయమైన డ్రీస్ అనేవాడు ఓ రోజు షోకి వచ్చి ఆ కోడిపిల్ల అవుతాడు. స్టేజీ మీది ప్రేమ కిందికి దిగుతుంది. ఈమెకు ఇంటి దగ్గర కుటుంబం ఉంది. షో అయ్యాక లాడ్జి గదిలోంచి ఇంటికి ఫోన్ చేసి మామూలుగా మాట్లాడుతుంది. పరిషత్తుల కోసం ఊళ్ళు తిరిగిన మనకు ఆ ఫోను ఎలా ఉంటుందో తెలుసు కదమ్మా. మేకప్ పూర్తిగా పోదు, చెవుల వెనక ఇంకా రంగు ఉంటుంది, అవతల ‘గ్యాస్ బుక్ చేశావా’ అని అడుగుతుంటారు.

డ్రీస్ చేసే పని ఏమిటంటే, ఊరేగింపుల్లో ‘జెయాం’లను మోయడం. మహాకాయులు అన్నమాట. అల్లిన బుట్ట చట్రం మీద బట్టలు కట్టి, తల పెట్టి, లోపల మనుషులు దూరి మోస్తూ నాట్యం చేయిస్తారు. లిల్ దగ్గర దూయే అనే ఊళ్ళో జులైలో జరిగే ఊరేగింపు చూశాను. పెద్దాయన ఎనిమిది మీటర్ల పైచిలుకు ఎత్తు. మోసేవాళ్ళు కనపడరు, లంగా అంచు కింద బూట్లు మాత్రం కనిపిస్తాయి. నా పక్కన ఉన్న ఫ్రెంచి ఆయనకు ‘మా తణుకు వైపు కూడా ఇలాంటివి ఉన్నాయి, బుట్టబొమ్మలు అంటాం’ అని చెబితే నమ్మలేదు. ఫోన్లో వీడియో చూపించాక నమ్మాడు. మోసేవాడు కనపడకుండా మోయడం అన్నది ఆ సినిమాలో ఊరికే పెట్టలేదు. మాస్కు వెనక ఆవిడ, బొమ్మ లోపల అతను.

ఆ సినిమాకు రెండు సెజార్లు వచ్చాయి, ఉత్తమ నటి, ఉత్తమ తొలిచిత్రం. 2005 ఫిబ్రవరి 26 రాత్రి, ఆవిడ 52వ పుట్టినరోజుకు ముందురోజు. ‘అవకాశం ఎవరిచ్చారు’ అన్న మీ ప్రశ్నకు అసలు జవాబు ఇది. వార్దా ఒక తలుపు తీసింది, దెషాం ఇంకొకటి తీశాడు, నిజమే. కానీ హీరోయిన్ పాత్రను ఎవరూ ఆమెకు ఇవ్వలేదు. 29 ఏళ్ళప్పుడు రాసుకున్న షోను 51 ఏళ్ళప్పుడు తనే సినిమాగా తీసుకుంది. ఆ స్క్రిప్టు అన్నాళ్ళూ ఆమె దగ్గరే ఉంది.

‘సెరాఫీన్’ దగ్గరికి వద్దాం. 2008, దర్శకుడు మార్తెన్ ప్రోవో. సెరాఫీన్ లూయీ నిజంగా బతికిన మనిషి, 1864లో పుట్టి 1942లో పోయింది. పారిస్‌కు ఉత్తరాన సాంలీస్ అనే చిన్న ఊళ్ళో ఇళ్ళల్లో పాచిపని చేస్తూ, రాత్రుళ్ళు బొమ్మలు వేసేది. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. బొమ్మలు వేయమని తన కాపలా దేవదూత చెప్పిందని నమ్మేది. విల్‌హెల్మ్ ఊడే అనే జర్మన్ కళావిమర్శకుడు 1912లో ఆ ఊళ్ళో అద్దెకు దిగి, తన గది ఊడ్చే మనిషే ఆ బొమ్మలు వేసిందని తెలిసి నిర్ఘాంతపోతాడు. 1914లో యుద్ధం వచ్చి ఆయన పారిపోవలసి వస్తుంది. మళ్ళీ 1927లో కలుస్తారు. అప్పుడు కాస్త డబ్బు, కాస్త పేరు. ఆ వెంటనే మతి చెదిరి ఆసుపత్రి పాలు.

సినిమాలో మొదటి అరగంట ఆవిడ దాదాపు మాట్లాడదు. గడ్డి టోపీ, చేతికి బుట్ట, బరువైన బూట్లు, కొంచెం ఈడుస్తూ నడక. నేల రుద్దుతుంది, దుప్పట్లు ఏట్లో ఉతుకుతుంది, నాలుగు చిల్లర డబ్బులు లెక్కపెట్టుకుంటుంది. మధ్యలో చిన్న చిన్న దొంగతనాలు. గుడిలో దీపం నూనె కొంచెం సీసాలోకి వంచుకుంటుంది. మాంసం కొట్టు నుంచి కొంచెం రక్తం. ఏటి ఒడ్డున బురద. ఇదంతా ఎందుకో మనకు చెప్పరు. రాత్రి గదిలో రోట్లో నూరుతుంటే అప్పుడర్థమవుతుంది, రంగులు తయారుచేసుకుంటోందని. తర్వాత నేల మీద కూలబడి, భక్తి పాటలు పాడుకుంటూ వేళ్ళతో పూస్తుంది.

ఇప్పుడు మీరు ఆ అరగంట చూసి, వెంటనే యూట్యూబ్‌లో దొరికే లే దెషియెన్ స్కిట్ ఒకటి చూడండి. అదే నిదానం. అదే పక్క చూపు. అదే, మాట బయటికి రావడానికి ముందు లోపల తయారవడం. ఒక్కటి కూడా మారలేదు. స్కిట్‌లో మనం నవ్వాం, ఇక్కడ గొంతులో ఏదో అడ్డుపడుతుంది. మారింది చుట్టూ ఉన్న కథ, మన చూపు. అందుకే ‘ఎలా మారింది’ అన్న ప్రశ్న దగ్గరే నాకు పేచీ. కమెడియన్‌గా సంపాదించినదంతా వదిలేసి ఆవిడ సీరియస్ నటి అవలేదు. ఆ సంపాదనే ఇక్కడ ఖర్చు పెట్టింది. ఏడుపు సీన్లకు అలవాటు పడిన నటి ఈ పాత్ర వేసుంటే, మొదటి సీన్ నుంచే మన జాలి కోసం చెయ్యి చాచేది. జాలి అడగకుండా నిలబడటం ఆవిడకు కామెడీ నేర్పింది.

చివర్లో ఒక ఘట్టం ఉంది. డబ్బొచ్చాక పెళ్ళి బట్టలు కుట్టించుకుంటుంది, పెళ్ళికొడుకు లేడు. ఆ తెల్ల గౌనులో తెల్లవారుజామున వీధిలోకి వచ్చి, ఇంటింటి గుమ్మం ముందూ వెండి సామాను పెట్టుకుంటూ పోతుంది. జనం తలుపులు తీసి చూస్తారు, పోలీసులొస్తారు. ఇదే ఘట్టాన్ని ఎక్కువ మంది నటులు కళ్ళు తిప్పి, జుట్టు విరబోసుకుని ‘పిచ్చి’ ఆడతారు. ఆవిడ ఓ పని మీద వెళ్తున్న మనిషిలా వెళ్తుంది. ఆ రోజు చెయ్యవలసిన పని అది, అంతే.

ఆ సినిమాకు ఏడు సెజార్లు, ఉత్తమ చిత్రంతో సహా. ఉత్తమ నటి అవార్డు అందుకున్నది 2009 ఫిబ్రవరి 27న, సరిగ్గా ఆవిడ 56వ పుట్టినరోజున. తర్వాత లాస్ ఏంజెలెస్ విమర్శకుల సంఘం, అమెరికా జాతీయ విమర్శకుల సంఘం కూడా ఆ ఏటి ఉత్తమ నటిగా ఆవిణ్ణే ఎంచుకున్నాయి.

తమాషా ఏమిటంటే అదే 2008లో ‘లూయీజ్-మిషెల్’ అనే సినిమా కూడా వచ్చింది. ఫ్యాక్టరీ రాత్రికి రాత్రి ఎత్తేస్తారు. పనిచేసే ఆడవాళ్ళంతా చేతికొచ్చిన పరిహారం డబ్బు కలేసుకుని ఏం చేద్దామా అని కూర్చుంటారు. లూయీజ్, అంటే మన మోరో, ‘ఓనర్ని చంపించేద్దాం’ అంటుంది. అందరూ సరేనంటారు. మొరటు కామెడీ, అందరికీ నచ్చదు, మా ఆవిడ పావుగంటలో లేచిపోయింది. నా ఉద్దేశంలో సెరాఫీన్, లూయీజ్ అక్కచెల్లెళ్ళు. ఇద్దరూ పనిచేసి అరిగిపోయిన ఆడవాళ్ళు, ఇద్దరూ తక్కువ మాట్లాడతారు, ఇద్దరూ అనుకున్నది చేసి తీరతారు.

మిగతావి వేగంగా చెబుతాను. ‘మామూత్’ (2010)లో రిటైరైన మనిషిగా వేసిన నటుడు జెరార్ దెపార్ద్యూకి భార్య. అదే ఏడాది గాయకుడు గెన్స్‌బూర్ మీద తీసిన సినిమాలో పాతతరం గాయని ఫ్రెయెల్. ‘లే తూ నువో తెస్తామాం’ (2015)లో ఏకంగా దేవుడి పెళ్ళాం. ఆ సినిమాలో దేవుడు బ్రస్సెల్స్‌లో ఓ ఫ్లాట్‌లో ఉండి కంప్యూటర్ ముందు కూర్చుని జనాన్ని ఏడిపించే చిరాకు మనిషి. పెళ్ళాం నోరెత్తదు, కుట్లు అల్లికలు చేసుకుంటూ బేస్‌బాల్ కార్డులు దాచుకుంటుంది. బేస్‌బాల్‌లో రెండు వైపులా కలిపి 18 మంది కాబట్టి, శిష్యులు పన్నెండుమంది కాక పద్దెనిమిది మంది ఉండాలని ఆవిడ కోరిక. చివరికి ఇల్లు ఊడుస్తూ ఊడుస్తూ ప్రపంచాన్ని ఎలా సరిచేస్తుందో చెప్పను, చూడండి. నవ్వి నవ్వి చచ్చాను.

దర్శకురాలిగా ఆగిపోలేదు. 2013లో ‘ఆన్రీ’, 2023లో ‘లా ఫియాన్సే ద్యు పొయెత్’. ఈ రెండోది వచ్చేనాటికి ఆవిడకు 70. ఫైన్ ఆర్ట్స్ కాలేజీ క్యాంటీన్‌లో పనిచేసే ఆడమనిషి, చూసుకోలేనన్ని గదులున్న పాత ఇల్లు వారసత్వంగా వచ్చి, అద్దెకున్నవాళ్ళతో కలిసి చిన్నా చితకా మోసాలు చేస్తూ బతికేస్తుంది. కథ కొంచెం వదులుగా ఉంది, ఒప్పుకుంటాను. మధ్యలో 2016లో ఆర్తే ఛానెల్ కోసం ఉత్తర ఫ్రాన్సు తీరంలో ‘కాలే’ అనే ఊరి దగ్గర శిబిరాల్లో ఇరుక్కుపోయిన శరణార్థుల మీద డాక్యుమెంటరీ తీసింది.

మీ సంగతికి వస్తే, ఫ్రాన్సులో ఉన్న ఏర్పాట్లు మన దగ్గర లేవు, ఆ మాట దాచను. ఊరూరా మునిసిపాలిటీ హాళ్ళలో చిన్న షోలు వేయించి డబ్బిచ్చే పద్ధతి అక్కడుంది. మన పరిషత్తులో నాటికకు ఒక్కో ఆడ ఆర్టిస్టును ఆ రోజుకు మాట్లాడుకుని తెచ్చుకుంటాం, రెండు రిహార్సల్స్‌తో స్టేజీ ఎక్కిస్తాం. అందులో నిదానం ఎక్కడినుంచి వస్తుంది? సూర్యకాంతం గారిని చూడండి. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ ఉన్న 1962 నాటి సినిమాకు ఆవిడ పాత్ర పేరు పెట్టారు, ‘గుండమ్మ కథ’ అని. అంతటి బలం ఆవిడది. అయినా అరవై ఏళ్ళ వయసులో ఆవిణ్ణి మధ్యలో కూర్చోబెట్టి ఒక సెరాఫీన్ రాయాలని మనలో ఎవరికీ తోచలేదు. అది ఆవిడ లోటు కాదు.

కాబట్టి ఎవరో రాస్తారని చూడకండి. మీరు వేసిన పనిమనిషి వేషాల్లోంచి ఒకదాన్ని తీసుకోండి. నాటికలో ఆమెకున్న పది డైలాగులు పక్కన పెట్టండి. ఆమె ఆ ఇంట్లోంచి బయటికి వచ్చాక ఎక్కడికెళ్ళింది, ఆ రాత్రి ఎవరితో ఏం మాట్లాడింది, అది రాయండి. ఇరవై నిమిషాలు చాలు. గొప్ప భాష అక్కర్లేదు, మీ ఊరి మాట చాలు. స్టేజీ మీద ఒక కుర్చీ, ఒక లైటు. కాలేజీల్లో, లైబ్రరీల్లో, అపార్ట్‌మెంట్ పండగల్లో వేయండి. గెలుచుకోవడానికి షీల్డు ఉండదు, టెన్షనూ ఉండదు. రాసింది దాచుకోండి.

చూసే వరస: ముందు ‘అమెలీ’లో ఆవిడ సీన్లు రెండే పెట్టుకుని, ఒకసారి సౌండుతో, ఒకసారి సౌండు తీసేసి చూడండి. తర్వాత ‘సెరాఫీన్’, మధ్యలో ఆపకుండా. ఆ తర్వాత వార్దా సినిమా. ‘కాం లా మెర్ మోంత్’ దొరకడం కొంచెం కష్టం, అందుకే ఆఖర్న చెప్పాను. దొరికితే ఒంటరిగా చూడకండి, మీ బృందంలో ఊళ్ళు తిరిగే ఇంకో ఆర్టిస్టు ఎవరైనా ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. ఆ లాడ్జి ఫోను సీను దగ్గర ఆవిడేమంటారో నాకు రాయండి.